తిరిగి తిట్టనివాళ్ళు

"రేయ్, నువ్వు మనిషివేనా? మనిషివైతే కాణిపాకానికి రా! తడిగుడ్డల్తో సామి ముందర నిలబడి, నేను మనిషినే అని సెప్పు! అప్పుడు నమ్ముతా!"

పూతలపట్టు కూడలిలో బస్సు దిగినవాళ్ళు ఈ అరుపు విని, గట్టు తగాదా ఏదో ముదిరిందనుకుని నిలబడిపోయేవాళ్ళు. తీరా చూస్తే తిరుపతి రోడ్డు పక్కన రేకుల కొట్టంలో స్టూలు మీద ఒకే ఒక మనిషి. ఎదుట నేల మీద కాలిపోయిన బోరు మోటారు. చేతిలో సెల్‌ఫోను. ఆ ఫోనును గొంతు పట్టుకున్నట్టు పట్టుకుని ఉంటాడు. కొత్తవాళ్ళు తలకాయ ఊపి పోయేవాళ్ళు. ఊరివాళ్ళకు మాత్రం అది పొద్దున టీ బంకులో పాట పెట్టినంత మామూలు.

అతని పేరు మునికుమార్. కాలిన మోటార్లకు కొత్త రాగి తీగ చుట్టి ప్రాణం పోస్తాడు. తీగ చుట్టి, వార్నిష్ పోసి, ఎండలో పెట్టినాక చేసేదేమీ ఉండదు. వార్నిష్ ఆరాలి, అంతే. ఆ తీరికలోనే ఫోనులో క్యారమ్స్ ఆడతాడు. ఎక్కడో ఉన్న ఎవరితోనో. ఆ ఎవరో ఎవరన్నది తెలియకపోవడమే అతని రోగం.

పుట్టింది ఐరాల పక్క పల్లెలో. నాయన బెల్లం గానుగల దగ్గర పాకం కాచేవాడు. కొడుకును ఆ పొగలోకి రానీయకుండా మోటారు పనికి పంపితే, కొడుకు ఆ పని సగమే నేర్చుకుని మిగతా సగం యువజన సంఘం గదిలో క్యారమ్ బోర్డు మీద నేర్చుకున్నాడు. అంచును ఆనుకున్న కాయను గోరుతో గీరినట్టు తీసేవాడు. ఎదుటివాడి గుంపులో ఇరుక్కున్న కాయను ఎదురు గోడకు కొట్టి వెనక్కి రప్పించేవాడు. అయితే అతని అసలు స్ట్రైకరు నోరు.

ఈ సీమలో ఆట అంటే సగం చెయ్యి, సగం నోరు. పాత మండపాల బండల మీద పులిజూదం గీతలు ఇంకా కనిపిస్తాయి. రాతిని చెక్కి మరీ ఆడుకున్న మహానుభావులు, ఎన్ని ఎండలు అక్కడే కాచారో. గీతలైతే మిగిలాయి, తిట్లు మిగల్లేదు. అవీ బండ మీద అచ్చుపడి ఉంటే ఆ మండపాలలోకి ఆడవాళ్ళు అడుగు పెట్టేవాళ్ళు కాదు. మేకను కోల్పోయినవాడిని పులివాడు ఎకసెక్కం చేయాలి, వాడు పులివాడి వంశాన్ని మొత్తం దిగలాగాలి, ఆ వేడిలో ఇద్దరి చూపూ పదునెక్కాలి. తిట్టు తగలని ఆట ఉప్పు లేని సంగటి. అది పెద్దలు పెట్టిన పద్ధతి.

మునికుమార్ ఆ పద్ధతికి హద్దు తెలియని భక్తుడు. గెలిచినా ఆపడు, ఎదుటివాడు ఏడ్చినా ఆపడు. ఒక్కొక్కరే బోర్డు దగ్గరకు రావడం మానుకున్నారు. చివరిదాకా నిలిచినవాడు రోడ్డుకు అవతల పైపుల అంగడి పెట్టుకున్న దామోదరం. ఇద్దరూ ఒకే ఈడు, ఒకే బడి. మంచి చెయ్యి, మంచి నోరు. రోజూ సాయంత్రం బోర్డు మీద ఒకరినొకరు చంపుకుని, కలిసి టీ తాగేవాళ్ళు. ఒకనాడు దామోదరానికి పిల్లనిచ్చిన మామ ఊరి నుంచి వచ్చి పక్కన కూర్చుని చూస్తున్నాడు. రెడ్డు వేసి, దాని వెంటనే వేయాల్సిన ఫాలో కాయ వేయలేక దామోదరం తడబడ్డాడు.

మునికుమార్ ఊరుకుంటాడా?

"ఏం మామా," అన్నాడు ఆ పెద్దాయన వైపు తిరిగి. "అంగడి నడిపేది నీ బిడ్డ, ఇల్లు నడిపేది నీ బిడ్డ. ఈడు కాయ కూడా నడపలేడు. ఏం సూసి ఇచ్చినావప్పా పిల్లని?"

పెద్దాయన నవ్వలేదు. దామోదరం స్ట్రైకరును బోర్డు నడిమధ్య పెట్టి లేచిపోయాడు. ఆ రోజు నుంచి ఆ రోడ్డు రెండు దేశాల మధ్య సరిహద్దు అయింది. అవతల మోటారు కాలిపోతే దామోదరం చిత్తూరుకు మోయిస్తాడు గానీ ఎదురుగా ఉన్న కొట్టానికి పంపడు. ఇవతల పైపు కావాలంటే మునికుమార్ బండి వేసుకుని పక్క ఊరికి పోతాడు.

అలా మనుషులు అయిపోయాక ఫోను వచ్చింది.

మొదటి వారం పండగే. వేలు అలా ఆనిస్తే చాలు, ఎదుట ఎవరో ఒకరు. రింకీ, సూపర్ రాజ్, గోల్డెన్ ఏంజెల్. అందరినీ ఊడ్చి పారేశాడు. పదవులు వచ్చాయి: సిపాయి, దళపతి, రాజు, ఆపైన మహారాజు. ఫోనులో బాణాసంచా పేలింది. పేలేకొద్దీ అతనికి ఒళ్ళు మండడం మొదలైంది.

ఎందుకంటే వాళ్ళకు ఆట రాదు. గుంత అంచున నోరు తెరుచుకుని కూర్చున్న కాయను, చంటిపిల్ల ఊదినా పడే కాయను, కొట్టలేక స్ట్రైకరును గుంతలో వేసుకుంటారు. అంతలోనే బోర్డు ఆ చివరనున్న అసాధ్యమైన కాయను దేవుడు కొట్టినట్టు కొడతారు. మళ్ళీ సులువైనదాన్ని వదిలేస్తారు. ఎవరు ఆడినా ఒకే నిదానం, ఒకే గురి, ఒకే తప్పు. కోపం రాదు. తొందర రాదు. ఓడిపోతూ ఎవడూ మధ్యలో పారిపోడు. మునికుమార్ టైపు చేసి పంపే తిట్లు ఈ జిల్లాలోనే ఇంకొకరు కూర్చలేరు. వాటికి జవాబుగా బొటనవేలు పైకెత్తిన బొమ్మ వచ్చేది.

"సూడు మే, సూడు!" అని భార్య కోమలి ముందు ఫోను పెట్టేవాడు. "వాళ్ళ అమ్మను అంటే ఏలు ఎత్తి బాగుందంటా ఉండాడు. వీడు మనిషా?"

కోమలి చింతపండు పిసుకుతూ తలెత్తేది కాదు. "గెలిస్తివా?"

"గెలిస్తి."

"మళ్ళ ఏంటికి అరస్తావు? ఓడినోడు అరిసేది సూసినాం, గెలిసినోడు అరిసేది ఈ ఇంట్లోనే."

"అది గెలుపు కాదు మే! బొమ్మలు! కంపెనీవోడు మనుషుల పేర్లు పెట్టి బొమ్మల్ని కూసోబెట్టినాడు."

"బొమ్మలయితే ఆడొద్దు."

"ఆడకుంటే ఇంకెవురుండారు నాకు?"

ఆ మాట నోట్లోంచి జారాక కోమలి గిన్నె తీసుకుని లోపలికి పోయింది.

రెండు వందల ఏళ్ళకు పైబడిన ముచ్చట ఒకటి ఉంది. యూరప్‌లో తలపాగా చుట్టిన ఒక బొమ్మను పెట్టె వెనక కూర్చోబెట్టి, చదరంగం ఆడే యంత్రమని ఊరూరా తిప్పారు. రాజులూ దొరలూ దానితో ఆడి ఓడి, ఔరా యంత్రమా అని ముచ్చటపడ్డారు. పెట్టె లోపల మాత్రం చెమటలు కక్కుతూ ఒక మనిషి ఉండేవాడు. ఆ కాలపు మోసం అది. యంత్రం చాటున మనిషి దాగాడు. ఇప్పుడు మనిషి పేరు చాటున యంత్రం దాగింది. మోసం అదే, దాగేవాళ్ళు మారారు. అయితే ఆ పాత మోసంలో ఓడినవాడికి ఒక మర్యాద ఉండేది. వాణ్ణి ఓడించింది ఒక బుర్ర. మునికుమార్‌కు ఆ మర్యాద కూడా దక్కలేదు.

ఒకనాడు పరీక్ష పెట్టాడు. తన వంతు వచ్చినప్పుడల్లా కావాలని స్ట్రైకరును ఖాళీ చోటికి కొట్టాడు. మనిషైతే ఏం చేస్తాడు? సంబరంగా కాయలన్నీ వేసుకుపోతాడు. ఎదుట ఉన్నది కూడా తప్పులు కొట్టడం మొదలుపెట్టింది. ఇతను ఇంకా అన్యాయంగా కొట్టాడు. అది అంతకంటే అన్యాయంగా కొట్టింది. ఇతను ఎంత కిందికి దిగితే అది అంత దిగి, అడుగున కాచుకుని కూర్చుంది. చివరికి విసుగొచ్చి ఒక కాయ కొట్టాడు. గెలిచాడు. బాణాసంచా పేలింది.

అప్పుడు అర్థమైంది. తను గెలవడం లేదు. తనను గెలిపిస్తున్నారు. చిన్నపిల్లాడు ఏడవకుండా తల్లి ఓడిపోయినట్టు నటిస్తుందే, ఆ మాదిరి. మండలమంతా ఒకప్పుడు చూసి దడుచుకున్న వేలును పట్టుకుని ఎవడో జోకొడుతున్నాడు. ఇంతకంటే పెద్ద తిట్టు అతను జన్మలో తినలేదు. ఆ రోజే మొదటిసారి కాణిపాకం పేరెత్తి అరిచాడు. ఇక అరుస్తూనే ఉన్నాడు.

కాణిపాకం అక్కడికి ఎంతో దూరం లేదు. అక్కడి వినాయకుడి ముందు తలస్నానం చేసి ప్రమాణం చేస్తే ఈ చుట్టుపక్కల ఆ మాటకు తిరుగు లేదు. పోలీసు స్టేషన్లో అబద్ధం చెప్పి వచ్చినవాడు కూడా అక్కడ నిజం కక్కుతాడు. తాగుడు మానతానని, దొంగతనం చేయలేదని, పొలం గట్టు జరపలేదని అక్కడే ప్రమాణాలు చేస్తారు. ప్రమాణానికి రమ్మంటే రానివాడు చేసినట్టే లెక్క. ఆ భయం ఉన్న నేల కాబట్టే మునికుమార్ ఫోనులోని రింకీని కూడా అక్కడికి రమ్మన్నాడు. రింకీ బొటనవేలు ఎత్తింది.

చవితి దగ్గరపడింది. కూడలిలో పందిరి వేసే కమిటీకి పెద్ద, కోమలి తమ్ముడు మునికృష్ణ. ఆ ఏడు కుర్రాళ్ళకు క్యారమ్ పోటీ పెట్టాలని కమిటీ అనుకుంది. మునికృష్ణ తన బావ ఫోనులో మహారాజు కిరీటం, దాని కింద 'మీ జిల్లాలో మొదటి స్థానం' అన్న అక్షరాలు చూశాడు. అడగలేదు, చెప్పలేదు. కూడలిలో పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. మునికుమార్ ముఖం, మీసం, నెత్తిన కిరీటం. 'చిత్తూరు జిల్లా నంబర్ వన్ క్యారమ్ వీరుడు. మన పోటీలకు న్యాయనిర్ణేత.'

పొద్దున షట్టరు ఎత్తుతూ మునికుమార్ దాన్ని చూశాడు. అది అబద్ధమని ఈ భూమ్మీద అందరికంటే బాగా తెలిసినవాడు అతనే. దింపించి ఉండాల్సింది. కానీ బస్సులోంచి ఒక పెద్దమనిషి ఫ్లెక్సీనీ అతన్నీ మార్చి మార్చి చూసి నమస్కారం పెట్టాడు. మీద పోసిన నీళ్ళు నేల తాగినట్టు ఒళ్ళు ఆ నమస్కారాన్ని తాగేసింది. మీసం సర్దుకున్నాడు. ఆ రోజు ఫోనును తిట్టడం కూడా కాస్త తగ్గించాడు.

మూడు పొద్దులు గడిచాయో లేదో, టీ బంకు దగ్గర దామోదరం ఎవరికో చెబుతున్నట్టు గొంతు పెంచాడు. రెండేళ్ళ తర్వాత ఆ గొంతు ఇటు తిరగడం అదే.

"నంబర్ వన్నంట! ఎవురితో ఆడినాడప్పా ఈయన? రోజూ కూడలి అదిరేలా అరస్తా ఉండేది ఈయనే గదా, అంతా బొమ్మలు అని. బొమ్మల్ని గెలిసినోనికి కిరీటమా? అట్లయితే మా ఇంట్లో పిల్లిని రోజూ నేనూ గెలుస్తా. నాకూ ఒగ ఫ్లెక్సీ కట్టండి."

టీ తాగేవాళ్ళంతా పొలమారేలా నవ్వారు. మునికుమార్ గ్లాసు దించాడు.

"మనుషులే!" అన్నాడు. "యాడెక్కడోళ్ళో వచ్చి ఆడినారు. అందరూ మనుషులే. నీ మాదిరి మామ పక్కన కూసుంటే ఏళ్ళు వణికే మనుషులు కాదు."

"మనుషులా?"

"మనుషులే."

"కాణిపాకంలో సెప్తావా?"

ఇక్కడ ఒక్క క్షణం ఆగినా ఆ ఆగడమే జవాబు. మునికుమార్ ఆగలేదు. అదే అతను చేసిన తప్పు.

"సెప్తా! ఆదివారం రా! నువ్వే తోడు రా!"

కొట్టంలోకి వచ్చి కూర్చున్నాక సంగతి తలకెక్కింది. వాళ్ళు మనుషులని తనకు తెలియదు. కాదని కూడా గట్టిగా తెలియదు. ఇన్నాళ్ళూ కాదని అరిచి అరిచి, ఇప్పుడు అవునని దేవుడి ముందు చెప్పాలి. పోకపోతే మోటారు వైండింగ్ మునికుమార్ కాదు, బొమ్మల మునికుమార్ అవుతాడు. ఈ ఊళ్ళో ఒక పేరు అంటుకుంటే పాడె మీదకు కూడా దానితోనే పంపుతారు.

ఆ రోజు నుంచి ఫోనులో ఆట మారిపోయింది. తిట్లు పోయి బతిమాలడం వచ్చింది. 'సామీ, మనిషివైతే ఒక్క మాట సెప్పు.' బొటనవేలు. 'అమ్మా, మీది ఏ ఊరు?' బొటనవేలు. 'అన్నం తిన్యావా?' నవ్వు ముఖం. పిచ్చి నా బట్టా అని పంపాడు. మళ్ళీ బొటనవేలు.

శనివారం మధ్యాహ్నం సెల్వం అన్న పేరు ఎదుటికి వచ్చింది. మొదటి దెబ్బే తేడాగా తగిలింది. అవతలివాడు తొందరపడ్డాడు, తప్పాడు, తర్వాత కసిగా కొట్టాడు. సులువైన కాయను వదలలేదు. కష్టమైనదానికి పోలేదు. మునికుమార్ వెన్ను నిలువుగా లేచింది. 'ఎవుర్రా నువ్వు, కోడి గీరినట్టు కొడతా ఉండావు?' అని పంపాడు. రెండు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత వచ్చింది జవాబు, ఇంగ్లీషు అక్షరాల్లో అరవం: 'పోడా లూసు. మూడిట్టు ఆడు.' నోరు మూసుకుని ఆడరా తిక్కలోడా అని.

మునికుమార్ కంట్లో నీళ్ళు తిరిగాయి. "మే, కోమలీ! తిట్టినాడే! నన్ను తిట్టినాడు!" అని వినబడదని తెలిసీ ఇంటి దిక్కుకు అరిచాడు. వేలూరో, గుడియాత్తమో, ఎక్కడో ఒక మనిషి ఉన్నాడు. ఆ సంబరంలో గురి చెదిరింది. సెల్వం రెడ్డు వేసి, ఫాలో వేసి, మిగిలిన కాయలన్నీ ఏరుకుని పోయాడు.

ఖచ్చితంగా మనిషని చెప్పగలిగినవాడు ఒక్కడు దొరికాడు. వాడి చేతిలో ఓడిపోయాడు.

ఆదివారం కాణిపాకంలో తల మీద నీళ్ళు పోసుకుని, తడి పంచెతో సన్నిధిలో నిలబడ్డాడు. పక్కన మునికృష్ణ, ఇద్దరు కమిటీవాళ్ళు. వెనక దామోదరం, చేతులు కట్టుకుని. వాడు పొడి బట్టలతో వచ్చాడు, తమాషా చూడటానికి వచ్చినవాడిలా. మునికుమార్ పంచె చివరి నుంచి నీళ్ళు కారుతున్నాయి. నోరు తెరిచాడు. ఎప్పుడూ కరువు లేని నోరు, మొదటి మాటకు తడుముకుంది.

"సామీ. ఆ ఫోన్లో నేను గెలిసినోళ్ళు మనుషులో కాదో నాకు తెలీదు. ఒగడు మాత్రం మనిషి. ఆ మనిషి సేతిలో నేను ఓడినాను. ఇది సత్యం."

మునికృష్ణ తల పట్టుకున్నాడు. "ఏంది బావా! ఓడినానని ప్రమాణం సేసేదానికి ఇంత దూరం వచ్చినామా?"

అందరికంటే ఎక్కువ కోపం దామోదరానికి వచ్చింది. అబద్ధం చెబితే పట్టుకుందామని వచ్చాడు, రాకపోతే ఊరేగిద్దామనుకున్నాడు. ఈ మూడో దారి అతని లెక్కలో లేదు. బయటికి వచ్చాక చెప్పులు వేసుకుంటూ, "దొంగ నా బట్ట. నిజం సెప్పి తప్పించుకున్యాడు," అన్నాడు.

"తప్పించుకోలేదురా," అన్నాడు మునికుమార్ తడి పంచె పిండుతూ. "ఫ్లెక్సీ నేనే కోసేస్తా. నిర్ణేత కుర్సీలో నువ్వు కూసో. నేను ఆడతా. నువ్వు మనిషివైతే కుర్సీ వదిలి నువ్వూ రా."

"వస్తా. బోర్డు మీద సల్లే బోరిక్ పౌడర్ నీ నోట్లో పోస్తా."

కమిటీవాళ్ళు వద్దన్నారు. కుర్రాళ్ళ పోటీలో ఈ ముసలి మేకలేంటని. ఇద్దరూ వినలేదు. చవితి మర్నాడు పందిట్లో, పట్టపగలు, బోర్డు చుట్టూ కూడలి మొత్తం మూగింది. పౌడర్ చల్లకముందే తిట్లు చల్లుకున్నారు. ఒకరి నాయన, ఒకరి తాత, ఒకరి బావి, ఒకరి బండి, ఏదీ మిగల్లేదు. దామోదరం ఆట చూసి మునికుమార్ లోపల ఉలిక్కిపడ్డాడు. రెండేళ్ళ కిందటి చెయ్యి కాదది. అంచు కాయలు తీస్తున్నాడు. గోడకు కొట్టి రప్పిస్తున్నాడు. చివరికి దామోదరానికి ఒకే కాయ మిగిలింది, అదీ గుంత అంచున. మునికుమార్‌కు ఇంకా మూడు. ఆట అయిపోయినట్టే.

దామోదరం కొట్టాడు. స్ట్రైకరు వెంట్రుకవాసిలో కాయను తప్పి పోయింది. కాయ కదలలేదు.

జనం "ఆఁ" అన్నారు. మునికుమార్ సంతోషపడలేదు. అతని ముఖం నల్లబడింది. లేచి బోర్డు మీదుగా వంగి దామోదరం చొక్కా పట్టుకున్నాడు.

"వదిలినావు గదా? కావాలనే వదిలినావు! జాలి పడినావా నా మీద? గెలిపిస్తావా నన్ను?"

"తియ్ సెయ్యి!" దామోదరం గొంతు చీలిపోయింది. కళ్ళు ఎర్రగా నిండాయి. "నీకు వదుల్తానా? నీ మీద నాకు జాలా? మా మామ ఇప్పుడు నన్ను సూస్తే నవ్వుతాడు! ఆ దినం నుంచి ఇంట్లో బోర్డు కొనుక్కోని, తలుపేసుకోని, రెండేండ్లు ఆడినా. ఒగే ఆట కోసరం! ఈ ఆట కోసరం! ఏలు జారిందిరా! జారింది!"

కాయను తప్పిన వేలును దామోదరం పళ్ళతో కొరుక్కుంటున్నాడు. గోరు పక్క రక్తం చుక్క ఉబ్బింది.

మునికుమార్ చొక్కా వదిలాడు. నిదానంగా కూర్చున్నాడు. స్ట్రైకరు తీసుకుని తొడ మీద తుడిచాడు. జాలి అతనికీ రాలేదు. మొదటి కాయ వేశాడు. రెండో కాయ గోడకు కొట్టి వెనక్కి రప్పించి వేశాడు. మూడోదానికి ముందు తల ఎత్తి దామోదరం ముఖంలోకి, ఆ ముఖంలో కుతకుతలాడుతున్న పగలోకి, దప్పికైనవాడు చెంబులోకి చూసినట్టు చూశాడు.

"మీ మామకు సెప్పు," అన్నాడు. వేశాడు.

దామోదరం పౌడర్ డబ్బా ఎత్తి అతని ముఖాన కొట్టాడు. మీసం, కనుబొమలు, నోరు, అంతా తెల్లగా. జనం ఇద్దరినీ రెండు పక్కలకు లాగుతున్నారు. మునికుమార్ తుడుచుకోలేదు. ఆ పొడిని ఉమ్ముతూనే అవతలివాడి మీదికి ఎగబడి అరుస్తున్నాడు.

"రేపు రారా! తలుపేసుకోని ఇంగా పదేండ్లు ఆడుకోని రా! రేపు!"

"వస్తారా! నీ సేతి ఏళ్ళు ఇరిసిందాకా వస్తా!" అని అవతలి నుంచి వచ్చింది జవాబు.